ఆనందరావు సార్ ఇనుప ముక్క

మనలిలో రసాయనాల ఫ్యాక్టరీ గోడ పక్కింట్లో పెరిగిన రంజనికి ఫిజిక్స్ మీద ఇష్టం కలిగించింది ఆనందరావు సారే. కాలేజీలో ఆమె ఇంగ్లీషుకు తోటివాళ్లు నవ్వితే, ఆయన క్లాసు అయ్యాక కూర్చోబెట్టుకుని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పాఠం మళ్లీ చెప్పేవారు. పరిశోధనలోకి తెచ్చిందీ ఆయనే.

ఆయన రిటైరయ్యాక, ఆయన చేసిన పనినే రంజని కొత్త పరికరాలతో మళ్లీ మొదలుపెట్టింది. న్యూట్రాన్ వెళ్లి ఇనుము కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు ఒక్కోసారి తన శక్తిలో కొంత దానికిచ్చి నెమ్మదిస్తుంది. ఆ శక్తికి అల్లాడిన కేంద్రకం గామా కిరణాన్ని విడిచి కుదుటపడుతుంది. ఆ కిరణాలను లెక్కపెడితే అలాంటి ఢీ ఎంత తరచుగా జరుగుతుందో తెలుస్తుంది. రియాక్టర్లు కట్టేవాళ్లకు ఆ విలువ కావాలి. వాళ్లలో చాలామంది ఏళ్లుగా వాడుతున్నది ఆనందరావు కొలిచిన విలువే.

రంజనికి అంతకంటే తక్కువ వచ్చింది. ఎన్నిసార్లు చూసినా తక్కువే.

మైలాపూరులో ఆయన ఇంటికి వెళ్లి చెప్పింది. ఆయన ఆ కాగితాల వైపు చూడనేలేదు.

"నేను తప్పు కొలిచినానని చెప్పేదానికా వచ్చినావు?"

కాఫీ తెచ్చిన ఆయన భార్య పంకజం గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. రంజని తాగకుండానే లేచి వచ్చేసింది. రైల్లో ఏడుపు ఆపుకోలేకపోయింది.

వ్యాసం పంపించెయ్యమని లాబ్‌లో అందరూ తొందరపెట్టారు. ఆమెకు మనసొప్పలేదు. అంత జాగ్రత్త గల మనిషి ఎక్కడ పొరబడి ఉంటారు? అప్పటి పరికరాలకు కిరణాలు చాలినన్ని అందవని ఆయన మందమైన ఇనుప ముక్క పెట్టేవారు. తను పెట్టింది పలుచని రేకు. అంతే మందం ముక్క తెప్పించి పెట్టి చూసింది. ఆయన విలువే వచ్చింది! మందపాటి ముక్కలో న్యూట్రాన్ ఒక కేంద్రకాన్ని తాకి, బయటపడేలోగా ఇంకోదాన్నీ తాకి కిరణాల లెక్క పెంచుతోంది. ఆ రెండో దెబ్బను విడదీసి లెక్కకట్టగల కంప్యూటర్లు ఆయనకు అప్పట్లో దొరకలేదు.

వెంటనే ఫోన్ చేసింది. "సార్, మీ కొలత సరిగ్గానే ఉండాది. ముక్క మందం వల్ల ఎక్కువ వచ్చింది, అంతే."



"మందం ముక్క పెట్టి మళ్లా చూసినావా?"

"చూసినాను సార్."

"ఆ పొద్దు నిన్ను ఊరికే కసిరేసినానమ్మా. ఆదివారం రా. ఆ లెక్క నాకు నేర్పు."

ఆదివారం ఆయన అద్దాలు తుడుచుకుని ఆమె లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కాసేపటికే వేలు పెట్టి ఆపారు. "ఉండు, ఈడ పక్కకి పోయే న్యూట్రాన్లను ఏం చేసినావు?"

వాటిని లెక్కలోకి తీసుకోలేదని గుర్తించి రంజని కాగితం, పెన్ను తీసింది. పంకజం అన్నానికి రెండుసార్లు పిలిచినా ఇద్దరూ లేవలేదు.

వ్యాసం ఇద్దరి పేర్లతో అచ్చయింది. పాత విలువ ఎందుకు మారిందో చెప్పే భాగం రాసింది ఆనందరావే.