పేర్లు మార్చి చదివిన కాగితం

వాక్కుకు అధిదేవతయైన తల్లికి నమస్కరించి, శ్రావణ శుద్ధ ఏకాదశినాడు, సూరతు నగరంలో పర్వత్ పాటియా దాపున ఉన్న మా గదిలో కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఉదయం మా సందులో ఒక టెంపో ఆగింది. వానజల్లుకు తడిసిన కొత్త చీరల కట్టలనుండి రంగూ ఆవిరీ కలిసిన ఘాటైన వాసన కిటికీలోనికి వచ్చింది. నర్సవ్వ కొంగుకూ, చేతులకూ, ఆమె ఇచ్చే చాయకు సైతం ఆ వాసనే ఉండేది. ఆమె గతించి నెల దాటింది.

నర్సవ్వ మా పొరుగు మనిషి. చీరలు మడిచి అట్టపెట్టెల్లో సర్దడం ఆమె పని. ఆమెకు అక్షరం రాదు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ప్రబంధాలు కంఠస్థం చేసినవాణ్ణి. అయినా ఆమె దగ్గర నేర్చినది మరెవరి దగ్గరా నేర్వలేదు. ఏమి నేర్చితివని అడిగితే మాత్రం తడబడతాను.

తెలంగాణనుండి బతుకుతెరువుకు సూరతు వచ్చిన మా మగ్గాలవారిలో ఒక ఆచారమున్నది. ఆలుమగలు విడిపోయేదాకా వస్తే పెద్దమనుషులు కూర్చుండి రాజీ కుదిర్చి, షరతులు కాగితం మీద పెట్టి ఇద్దరిచేతా సంతకాలు చేయిస్తారు. ఆ కాగితం వ్రాసే గౌరవం ఎన్నో ఏళ్ళుగా నాది. నిరుటి కార్తీకంలో స్వరూప అనే పిల్ల భర్తను విడిచి నర్సవ్వ గదికి వచ్చింది. భర్త అనిల్ నగరం అంచున ఉన్న సచిన్ అనే పేటలో సాంచాల, అనగా కరెంటు మగ్గాల, కార్ఖానాలో పనివాడు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. అటువంటివాణ్ణి కాదని వచ్చిన పిల్లకు ఏమి బాధ ఉన్నదో మాకెవరికీ బోధపడలేదు. నేనే అడిగాను. ఆమె ఇట్లా చెప్పింది.

“అంగట్ల టమాటలు ఏరుతుంటె చెయ్యి ఆగిపోతది సారూ. ఇవి తీసుకోవాల్నా, అవి తీసుకోవాల్నా అని ఆయనకు ఫోన్ చేసి అడిగినంకనే చెయ్యి కదులుతది.”

ఇది ఫిర్యాదా అని నేను విస్తుపోయాను. పెద్దమనుషులు నవ్వుకున్నారు.

సాంచాలకు సెలవైన రోజు మధ్యాహ్నం పంచాయితీ కూడింది. అనిల్ తన కోరికలు మెల్లగా, మర్యాదగా చెప్పాడు. నేను వాటిని నాకు చేతనైన భాషలో కూర్చాను. స్వరూప తన రాకపోకలను భర్తకు ముందుగా విన్నవింపవలెను. గంటకొకమారు ఫోను నలుదిక్కులా త్రిప్పి, తానున్న తావును, చుట్టునున్నవారిని చూపవలెను. తల్లితో మాటలాడునపుడు భర్త వినునట్లు మాటలాడవలెను. చదివి వినిపించగా అందరూ తలలూపారు. వాక్యాలు కుదిరినందుకు నాకు సంతోషం కలిగింది. దాచనేల, ఆ సంతోషం నిజం.

గడప దగ్గర కూర్చున్న నర్సవ్వ అప్పుడు నోరు విప్పింది. “పంతులూ, జర మల్ల సదువు. ఈసారి పిల్ల పేరున్న కాడ పిల్లగాని పేరు పెట్టి సదువు.”

ముసలిదాని ముచ్చట తీర్చుదామని చదివాను. అనిల్ తన రాకపోకలను భార్యకు ముందుగా విన్నవింపవలెను. గంటకొకమారు సాంచాల నడుమ నిలిచి ఫోను త్రిప్పి చూపవలెను. అక్కడికే నవ్వులు మొదలైనాయి. “అరె అనిల్, నీకు జైలు పడ్డది పో,” అని ఒకడన్నాడు. నేనూ నవ్వాను.

నవ్వులు అణగేదాకా నర్సవ్వ ఆగింది. “మరి పిల్ల పేరున్నప్పుడు ఎవ్వలకు నవ్వు రాలేదేంది?”

అనిల్ కళ్ళు చెమ్మగిల్లాయి. ప్రేమతోనే అడుగుతున్నానని, అడగడం కూడా తప్పేనా అని అతడు మా అందరినీ చూశాడు. అతని మాటలో కపటం నాకు కనిపించలేదు. ఇప్పటికీ అతడు అబద్ధమాడినాడని అనలేను.

“అడుగుడు తప్పు గాదు కొడుకా. ఆమె కాదంటె ఏమైతది? గది చెప్పు,” అన్నది నర్సవ్వ.

అనిల్‌కు బదులు స్వరూప నేలను చూస్తూ చెప్పింది. “మూడు దినాలు మాట్లాడడు. అన్నం ముట్టడు. మా అమ్మకు ఫోన్ చేసి నాకు పిచ్చి లేసిందంటడు.”

సంతకాలు పడకుండానే పంచాయితీ లేచింది. ఇంటికి వచ్చేసరికి నా భార్య చీర మార్చుకొని నిలుచున్నది. గుడికి పోయి వస్తానని, పోవచ్చునా అని అడిగింది. నలభై ఏళ్ళుగా ఆమె అట్లాగే అడుగుతున్నది. నేనెన్నడూ వద్దనలేదు. ఆ రోజు, వద్దంటే ఏం చేస్తావని అడిగాను.

“ఆగిపోత. గిదేం ప్రశ్న?” అన్నది.

వద్దనని మనిషిని నలభై ఏళ్ళు ఎందుకు అడిగింది? పెళ్ళైన కొత్తలో, నాకు గుర్తులేని ఒకనాడు, వద్దన్నానా? ఏమీ అనకుండా మాటలు మాని కూర్చున్నానా? నా ముఖంలో ఏదైనా కనిపించిందా? మరునాడు నర్సవ్వ చీరలు మడుస్తుండగా వెళ్ళి, మా ఇంట్లోనూ అనిల్ ఇంటి సంగతేనా అని అడిగాను. ఆమె తలెత్తలేదు.

“నన్నడుగుతవేంది పంతులూ? ఇంట్ల ఉన్నామెను అడుగు.”

అడిగాను. నా భార్య నవ్వి, చాయ చల్లారుతున్నదన్నది. అది జవాబో కాదో నాకు తెలియదు.

మార్గశిరంలో స్వరూప తనంతట తానే అనిల్ దగ్గరకు బయలుదేరింది. ఆమెను ఆపవలసిందని నేను నర్సవ్వతో కోపంగా అన్నాను. “వద్దంటె నేను గూడ అనిల్ లెక్కనే అయిత గద,” అన్నది నర్సవ్వ. పిల్ల చేతిలో తన గది తాళంచెవి ఒకటి పెట్టి పంపింది. ఆ పంపడం సరియైనదా అని ఎన్నిసార్లు తర్కించుకున్నా నాకు తేలదు. రాజీ కాగితాలు వ్రాయడం మానేశాను. పాత కాగితాల నకళ్ళు నా పెట్టెలో ఉన్నాయి. అప్పుడప్పుడు ఒకటి తీసి, పేర్లు మార్చి, పైకి చదువుతాను. కొన్నింటికి నవ్వు వస్తుంది. అప్పుడు ఆ ఆడపిల్లలు ఇప్పుడెక్కడున్నారో అనుకుంటాను.

ఫాల్గుణ బహుళ తదియనాడు, మధ్యాహ్నం, నర్సవ్వ పనికి పోయిన వేళ స్వరూప ఒక సంచీతో వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో ఆమె గది తాళం తీసి లోపలికి వెళ్ళింది. అనిల్ రెండుసార్లు వచ్చి పిలిచాడు. ఆమె పోలేదు.