తెల్లచీరలకు రంగులద్దిన క్రిస్మస్

మొన్న మా కోడలు ఫోనులో వచ్చిన సందేశమొకటి చదివి, ఇకనుంచి ఫలానా సబ్బు మనింటికి తేవద్దని చెప్పింది; దాని ప్రకటనలో ఎవరి దేవుణ్ణో కించపరిచారట. సరేనని తలూపానుగానీ, మనసు మాత్రం తెలంగాణ వచ్చిన కొత్తలో రామన్నపేటలో మేం నడిపిన బట్టల దుకాణంలోకి వెళ్లి కూర్చుంది.

ఇంట్లో మా మామ మగ్గం నేసేవాడు, మేం ఆలుమగలం దుకాణంలో అమ్మేవాళ్లం. క్రిస్మస్‌కు చర్చికి వెళ్లే ఆడవాళ్లు తెల్లచీరలు కడతారు గనుక, వానలు తగ్గగానే మామ సన్నంచు తెల్లచీరలు మొదలుపెట్టేవాడు. అందులో మొదటిది ఎప్పుడూ మా వెనకింటి వదినెది. ఆమె ప్రార్థనకు పోయే మనిషి, నేను బతుకమ్మ ఆడే మనిషిని, అయినా నా కాన్పులకు నా పక్కన కూర్చున్నది ఆమే.

ఆ ఏడు మా దుకాణం గోడకు ఒక సినిమా పోస్టరు అంటించారు. ఏసుప్రభువును వెక్కిరించే బొమ్మ అది. చూస్తే నాకే కష్టమనిపించింది. చర్చి సంఘం పెద్దలు వచ్చి, తీసెయ్యమని మర్యాదగానే అడిగారు. కానీ ఆ గోడను పట్నంలో ఉండే దుకాణం యజమాని సినిమావాళ్లకు కిరాయికిచ్చాడు. మా ఆయన ఫోనులో ఎంత బతిమాలినా, పోస్టరు ముడితే దుకాణం ఖాళీ చెయ్యాల్సిందేనన్నాడు. ఆ ఆదివారం, మా దగ్గర ఎవరూ కొనకూడదని సంఘం తీర్మానించింది.

మరునాడు వదినె మా గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది.

"మీ తప్పు లేదని నాకెరుకనే వదినె. గని చేతులెత్తుమన్నరు. నేను గూడ ఎత్తిన."

"ఎత్తకపోతే ఏమైతుండె?" అన్నాను.

"నా దేవుణ్ణి గట్ల జేసినంక గూడ ఎత్తకపోతే, ఏం మొఖం పెట్టుకొని ప్రార్థనకు పోవాలె?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సినిమా నాలుగు రోజులకే పోయింది, దాని మీద ఇంకో పోస్టరు పడింది. మా ఆయన వెళ్లి ఆ మాట చెబితే, పాస్టరుగారు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "అందరు పట్నం పోయి చీరలు తెచ్చుకున్నరన్నా, ఇప్పుడు నేనేం జేద్దు?" అన్నారట.

ఒకరోజు పొద్దున చూస్తే పెరట్లో దండెం నిండా ఎర్రచీరలు, నీలిచీరలు. మామ చేతులు మోచేతుల దాకా రంగు. "మనోళ్లు తెలుపు గట్టరు గద బిడ్డా," అన్నాడు, అంతే. తెల్లనూలు మళ్లీ మా ఇంటికి రాలేదు. దుకాణాన్ని కొన్నాళ్లు ఈడ్చి మూసేశాం.

వదినె, నేను ఇప్పటికీ పలకరించుకుంటూనే ఉంటాం. పండక్కి ఆమె కేకు పంపుతుంది, బతుకమ్మకు నేను సత్తుపిండి పంపుతాను. తెల్లచీర కట్టుకుని ఆమె మా ఇంటి ముందు నుంచే ప్రార్థనకు వెళుతుంది. అది ఎక్కడ కొన్నదో ఆమె చెప్పదు, నేను అడగను. ఒకప్పుడు మా ఇద్దరి మధ్య అడగలేని మాట ఒక్కటీ ఉండేది కాదు.