మెట్లు లేని కోనలో గంగాధరం

గంగాధరానికి దేవుడి మీద ఎంత భక్తి ఉందో ఆ దేవుడికే తెలియాలి గాని, కొండ నడిచి ఎక్కుతాడన్న పేరంటే మాత్రం ప్రాణం. తిరుపతి కొర్లగుంటలో ఆయనకు మురుకులు, మిక్చరు అమ్మే అంగడి ఉంది. అక్కడికి ఎవరు పోయినా అరకిలో మురుకులతో పాటు ఆ నడక కథ కూడా కట్టించుకుని రావాల్సిందే. ప్రతి నెలా మొదటి శనివారం అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా ఎక్కడం, దిగొచ్చి నెలంతా గొప్పలు చెప్పుకోవడం, ఇదీ ఆయన వ్రతం.

అలాంటి మనిషికి మోకాళ్లు అరిగాయి. పోయిన నెల, పేరుకు తగ్గట్టు, సరిగ్గా మోకాళ్ల పర్వతం దగ్గరే కూలబడ్డాడు. ఎవరో పుణ్యాత్ములు చెరో రెక్కా పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చారు. ఆ సంగతి ఆయన కంటే ముందే ఇల్లు చేరింది.

"నడిచింది సాలు. ఇంక కొండకు నడక లేదు," అంది భార్య సుజన.

"నా కాళ్లు, నా కొండ. నువ్వెవురే చెప్పేదానికి?"

"ఆ కాళ్లకు రాత్రంతా నూనె రుద్దేదాన్ని."

వారం రోజులు గంగాధరం మూతి ముడుచుకునే మురుకులు ఒత్తాడు.

ఇంతలో శ్రీ సిటీలో పనిచేసే అల్లుడు ప్రతాప్ ఫోన్ చేశాడు. తడ దగ్గర కోనకు పోతున్నాడట. ఏటి వెంబడే బండలెక్కుతూ జలపాతం దాకా పోయి, పొద్దుగుంకేలోపల తిరిగి రావాలట. గంగాధరం అక్కడికక్కడే సుజనతో పందెం కట్టాడు. తన కాళ్ల మీద తాను జలపాతం దాకా పోతే కొండకు నడక మళ్లీ మొదలు. మధ్యలో కూలబడితే జన్మలో ఆ మాటెత్తడు.

"సరే. నేనూ వస్తా. నీ మాట నమ్మేదెవురు?" అంది సుజన.

కోన మొదట్లో కారు ఆగీ ఆగగానే గంగాధరం చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. పంచె ఎగ్గట్టాడు.

"మామా, మీకోసరం బూట్లు తెచ్చినాను. లోపలంతా రాళ్లుండాయి," అన్నాడు ప్రతాప్.

"కొండకు చెప్పులేసుకోని ఎక్కే మొగోణ్ని యాడన్నా సూసినావాబ్బా?"

"ఇది ఆ కొండ గాదు మామా."

"కొండంటే కొండే. ఆ సద్దిమూట గూడా ఈడే పెట్టేయండి. దారిలో మజ్జిగంగళ్లు ఉంటాయి."

సుజన ఆ మూట విప్పింది. పులిహోర డబ్బా సంచిలో వేసుకుంది. "ఆ బూట్లు ఇటియ్యి ప్రతాపా," అని అడిగి తీసుకుని, వేళ్ల దగ్గర గుడ్డపీలికలు కుక్కి, కొంగు బిగించి తొడుక్కుంది.

కాసేపు దారి ఉన్నట్టే ఉంది. తర్వాత రెండు వైపులా ఎర్రటి కొండలు దగ్గరికొచ్చాయి. ఆకాశం చీర అంచంత మిగిలింది. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఏరు. ఆ ఏటి నిండా ఏనుగులంతేసి బండలు.

"మెట్లేవబ్బా?" అన్నాడు గంగాధరం.

అలిపిరి దారిలో ఉన్నట్టు ఇక్కడ మెట్లూ లేవు, మజ్జిగా లేదు, పైన నీడకు రేకులూ లేవు. ఎండకు బండ కాగిన పెనంలా ఉంది. పొయ్యి ముందర బతికినోడే గాని, ఎప్పుడూ పెనం మీద నిలబడలేదు పాపం. "గోవిందా" అంటూ ఒక బండ ఎక్కబోయి, పాచి మీద కాలు జారి, "గోవి..." దగ్గరే ధబాలున నీళ్లలో కూర్చున్నాడు. చేపపిల్లలు బెదిరిపోయాయి. సుజన ఏం చేసిందంటారా? నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని చాలా ఏళ్లయింది. గంగాధరానికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఆ నవ్వు బాగుందని కూడా అనిపించింది.

జలపాతం హోరు వినిపించే మలుపులో ఒక మడుగు అడ్డమొచ్చింది. ఛాతీ లోతు నీళ్లు. అవతలికి కట్టిన తాడు పట్టుకుని దాటాలి. అక్కడ గంగాధరం మోకాలు బిగుసుకుపోయింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"నేనీడ కూసుంటా. మీరు పొయ్‌రాండి," అన్నాడు నేల చూపులు చూస్తూ. పందెం పోయింది. ఇంక ఏ ముఖం పెట్టుకుని అంగట్లో కూర్చుంటాడు? ఏడుపొక్కటే తక్కువ.

సుజన పులిహోర డబ్బా ఆయన ఒళ్లో పెట్టి, అల్లుడి వెనకే తాడు పట్టుకుంది. నీళ్లు గుండెల దాకా వచ్చినప్పుడు "అమ్మా!" అని అరిచింది గాని వెనక్కి చూడలేదు.

చాలాసేపటికి జలపాతం కింద జుట్టంతా తడిపేసుకుని తిరిగొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఎగతాళి చేస్తుందనుకున్నాడు.

"ఓడిపోయినానే. ఇంక కొండకు నడవను," అన్నాడు ముందుగానే.

సుజన పక్కన కూర్చుని కొంగు పిండుకుంది. "పెండ్లయిన కాణ్ణించి సేతులూపుకుంటా నువ్వు నడిసి పోతివి. పిల్లోళ్లనీ మూటల్నీ ఎత్తుకోని బస్సులో పోయింది నేను. ఒక్క తూరన్నా నన్ను నడిసి రమ్మంటివా?"

గంగాధరం నోట్లో పులిహోర నోట్లోనే ఉండిపోయింది. సిగ్గేసింది. నిజంగానే ఎప్పుడూ అడగలేదు.

"వచ్చే నెల నేను నడిసి పోతా. నువ్వు మూటలేసుకోని బస్సులో వచ్చి పైన కాసుకోనుండు."

"ఘాట్ రోడ్డులో బస్సంటే నాకు వాంతులొస్తాయే," అన్నాడు దీనంగా.

"నిమ్మకాయ పట్టుకోని వాసన సూస్తా కూసో," అంది సుజన బూట్లలో నీళ్లు వంపుకుంటూ. "నేను ఇన్నేండ్లూ అట్నే పొయినా."