జమునక్క వెతికిన మనిషి: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఒక రోజు

ఎం.ఏ. రెండో ఏడాదిలో నేను తీసుకున్న పేపర్ పేరు ‘ప్రపంచ పాలన, బహుళ స్థాయి పాలన’. పేరు వినగానే అమ్మ అదేం ఉద్యోగానికి పనికొస్తుందని అడిగింది. నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక మనిషి సమస్య ఊరి పంచాయతీలో మొదలై మండలం, జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ దాటి పరాయి దేశం దాకా పోతే, అందులో ఎవరు దేన్ని నిర్ణయిస్తారు, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి, ఇదీ ఆ చదువు. ప్రాజెక్టు కోసం నేను గల్ఫ్ వలస తీసుకుని పెద్ద చార్టు మీద గళ్లు గీసి, గడి నుంచి గడికి బాణాలు వేశాను. మేడమ్ దాన్ని కాసేపు చూసి, “అన్నీ పైకి పోయే బాణాలే. కిందికి ఏమొస్తుంది?” అని అడిగారు. రెండు వారాలు లైబ్రరీలో కూర్చున్నా నాకు జవాబు దొరకలేదు. అప్పుడు కోరుట్ల నుంచి వచ్చి మాతో చదువుతున్న రజిత, తమ వీధిలో ఉండే జమునక్క సంగతి చెప్పింది. ఆమె భర్త రమేశ్ మస్కట్ పోయాడు, నాలుగేళ్లుగా ఆచూకీ లేదు. ఆమె తిరగని ఆఫీసు లేదు. ఏదో జవాబు వచ్చిందట, సోమవారం వచ్చి తీసుకోమని జగిత్యాల కలెక్టరేట్ నుంచి ఫోన్ చేశారట. నేను వెంట వస్తానంటే జమునక్క సరేనంది.

జూబ్లీ బస్ స్టేషన్‌లో తెల్లవారుజామున ఐదింటికి జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లకు మూడు వందలకు అటూ ఇటూ అవుతుంది. సిద్దిపేట, కరీంనగర్ మీదుగా బస్సు పదింటికి కాస్త ముందే దింపింది. బస్టాండ్ ఎదురుగా రెండు ఇడ్లీలు తిని, కలెక్టరేట్‌కు షేర్ ఆటో ఎక్కాను, మనిషికి ఇరవై రూపాయలు. ఆటో నడిపే ఆయన ఎవరి పని మీద వచ్చావని అడిగాడు. చెబితే, తనూ ఎనిమిదేళ్లు దుబాయ్‌లో బండి తోలి వచ్చానన్నాడు. ఇక్కడ మస్కట్ అయినా, కువైట్ అయినా, ఖతార్ అయినా అందరి నోటా దుబాయే. ఆటోలో నాతోపాటు కూర్చున్న నలుగురి చేతుల్లోనూ అర్జీలున్నాయి. సోమవారం ప్రజావాణి, కలెక్టర్ అర్జీలు తీసుకునే రోజు, జిల్లా అంతా అటే పోతుంది.

జమునక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయేమో, సన్నగా, ఎవరో తరుముతున్నట్టు గబగబా నడిచే మనిషి. చేతిలో బట్టల షాపు కవరు. దాని నిండా కాగితాలు. వరుసలో నిలబడ్డ గంటసేపట్లో ఆమె వాటిని ఒక్కొక్కటీ తీసి చూపించింది. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు, పంపిన ఏజెంటు మీద ఇంకో ఫిర్యాదు, మండలాఫీసు రసీదు, హైదరాబాద్‌లో ఇచ్చిన దరఖాస్తు, నెట్ సెంటర్ అబ్బాయితో ఢిల్లీకి పెట్టించిన ఆన్‌లైన్ కంప్లెయింట్ నంబరు. ఏ కాగితం ఏ టేబుల్ మీదికి పోతుందో, ఎవరి సంతకం లేకపోతే వెనక్కి వస్తుందో ఆమెకు నోటికి వచ్చు. నేను నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే, నేను ఆఫీసర్‌ను కానని, నేర్చుకోవడానికి వచ్చానని ఆమె పక్కవాళ్లకు రెండుసార్లు చెప్పింది.

పదకొండున్నరకు మా వంతు వచ్చింది. గుమాస్తా రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఒక కాగితం చేతికిచ్చాడు. రిప్లై వచ్చింది, ఫైల్ క్లోజ్ అయింది అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. ఇంగ్లిష్‌లో నాలుగు వరుసలు. వరండాలోకి వచ్చాక జమునక్క దాన్ని నాకందించి నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను చదివాను. రమేశ్‌ను అక్కడి మన రాయబార కార్యాలయం వారు కలిశారు. అతను క్షేమంగా ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు. తన చిరునామా, ఫోన్ నంబరు కుటుంబానికి ఇవ్వవద్దని కోరాడు. కాబట్టి ఈ విషయం ముగిసినట్టుగా భావించడమైనది.

“బతికే ఉన్నడా, చెల్లె?”

ఉన్నాడని చెప్పాను. క్షేమంగా ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు అన్నాను. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మూడో వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. ఒక్క నిమిషం ఆగి చెబుదామనుకున్నాను. ఆ నిమిషంలోనే ఆమె ఇంటర్ చదివే కూతురు మౌనికకు ఫోన్ కలిపి, “మీ డాడీ ఉన్నడు బిడ్డ, మంచిగున్నడు,” అని చెప్పేసింది.

జగిత్యాల నుంచి కోరుట్ల ముప్పావు గంట. నిజామాబాద్ వైపు పోయే బస్సులన్నీ అటే పోతాయి, ఎక్కువసేపు ఆగే పని లేదు. దారి పొడుగునా ఆమె ఆపకుండా మాట్లాడింది. రమేశ్‌ది సిరిసిల్ల. అన్నదమ్ములిద్దరూ పవర్‌లూమ్ మీద పని చేసేవాళ్లు. వారంలో సగం రోజులు సాంచెలు, అంటే ఆ మగ్గాలు, బంద్ ఉండడం మొదలయ్యాక అతను పెళ్లాం బిడ్డలతో కోరుట్ల వచ్చాడు. ఇక్కడ ఆమె బీడీలు చేస్తే ఇల్లు ఎట్లాగో నడిచింది కానీ అతనికి పని దొరకలేదు. మగ్గం తప్ప ఇంకో పని తెలియని మనిషి కట్టడాల కంపెనీలో కూలిగా మస్కట్ పోయాడు. ఏడాదిన్నర ఫోన్లు వచ్చాయి, తర్వాత రాలేదు. ఎండకు పడిపోయాడేమో, జైల్లో ఉన్నాడేమో, ఎక్కడో పూడ్చేసి ఉంటారేమో అని ఆమె రకరకాలుగా అనుకుంది. అతనే వద్దనుకుని ఉంటాడని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. నేను కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ, చదువులో నేర్చుకున్న మాటల్లో ఈ పరిస్థితికి సరిపోయేది ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. వ్యవస్థ ఎక్కడా విఫలం కాలేదు. ఒక బీడీ కార్మికురాలి అర్జీ సముద్రం దాటి పోయి, మనిషిని వెతికి పట్టుకుని, జవాబుతో తిరిగి వచ్చింది. పరీక్షలో ఇది రాస్తే మంచి మార్కులు పడతాయి.

ఆమె ఇల్లు బస్టాండ్ నుంచి నడిచిపోయేంత దూరమే. రెండు గదులు, ముందు రేకుల కింద చాటలో సగం చుట్టిన బీడీలు. మేం చేరేసరికే వీధిలో తెలిసిపోయింది. ముగ్గురు నలుగురు ఆడవాళ్లు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. ఎప్పుడొస్తాడని అడిగారు. ఇగ నంబర్ దొరుకుతది, మాట్లాడుత అని ఆమె అంటోంది. అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు పెట్టింది. అందరూ వెళ్లాక, రెండింటికి, కంచం పక్కన పెట్టి ఆ కాగితంలో ఇంకో వాక్యం ఉందని చెప్పాను.

ఆమె కోప్పడలేదు. ముందు ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు చదవమంది. చదివాను. తర్వాత తెలుగులో మాట మాటా చెప్పమంది. చెప్పాను.

“గట్లనే రాసి ఉన్నదా, నువ్వు నీ మనసుకు తోచింది చెప్తున్నవా?”

గట్లనే ఉందన్నాను. ఆమె కాగితం తీసుకుని, తనకు అర్థం కాని ఆ వరుస మీద వేలు పెట్టి, ఇదేనా అని అడిగింది. అదేనన్నాను. పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడుగుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను. అడగలేదు. లేచి ముఖం కడుక్కుని, సిరిసిల్ల పోదామంది. అక్కడ రమేశ్ అన్న అంజయ్య ఉన్నాడు. ఏం చేసినా ఆయన్ను అడిగే చేయాలంది. నేను పోవాలా వద్దా తెలియలేదు, కానీ ఆమెను ఒంటరిగా పంపడం నా వల్ల కాలేదు.

కోరుట్ల నుంచి వేములవాడ బస్సు ఎక్కి కథలాపూర్, రుద్రంగి మీదుగా పోవాలి. వేములవాడలో మారితే అక్కడి నుంచి సిరిసిల్ల అరగంట. మొత్తం రెండు గంటల పైనే. సిరిసిల్లలో వీధిలోకి అడుగుపెట్టగానే సాంచెల చప్పుడు వినిపిస్తుంది. ఇంతకుముందు ప్రతి ఇంట్లో వినపడేదని, ఇప్పుడు అక్కడక్కడే మిగిలిందని ఆటో ఆయన చెప్పాడు. అంజయ్య ఒక షెడ్డులో కూలికి నాలుగు సాంచెలు నడుపుతున్నాడు. యాభై దాటిన మనిషి, జుట్టు నిండా దూది నూగు. మమ్మల్ని చూసి ఒక్కొక్క సాంచె ఆపుకుంటూ వచ్చాడు. నాలుగోది ఆగాక ఆ నిశ్శబ్దానికి నా చెవులు గుయ్‌మన్నాయి. జమునక్క కాగితం ఇచ్చి, అందులో ఏముందో చెప్పింది. ఆయన దాన్ని తెరవనైనా తెరవలేదు.

“నాకు ఎర్కనే, జమున,” అన్నాడు.

రమేశ్ రెండు మూడు నెలలకోసారి తనకు ఫోన్ చేస్తాడని ఆయన చెప్పాడు. కంపెనీలో ఉండలేక పాస్‌పోర్టు అక్కడే వదిలేసి బయటపడ్డాడు. అట్లా పారిపోయినవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. దొరికిన పని చేస్తాడు, దొరికిన చోట పడుకుంటాడు. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక ఒక నెల ఆగాడు. ఆ నెల ఏడాదయింది, ఇక నోరు రాలేదు. జమునకు చెప్పవద్దని అన్న చేత తల్లి మీద ఒట్టు వేయించుకున్నాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ అంజయ్య నేలను చూస్తూనే ఉన్నాడు.

జమునక్క గొంతు పెంచలేదు. “బావ, పోలీస్ స్టేషన్ల నేను ఫొటో ఇచ్చిననాడు నువ్వు నా పక్కనే నిలబడ్డవు,” అంది.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, ఇప్పుడే కలుపుతా, మాట్లాడమని ఆమె ముందుకు చాపాడు. ఆమె చేయి చాచలేదు. ఫోన్ వైపు చూసి, నా వైపు చూసింది. నేనేం చేసి ఉంటే బాగుండేదో నాకు ఇప్పటికీ తెలియదు. మాట్లాడమని చెప్పాలా, వద్దని చెప్పాలా, బయటికి పోయి నిలబడాలా? ఏదీ చేయలేదు.

“నేను చెయ్య. ఆయనకు చెప్పేది ఉంటె ఆయననే చెయ్యాలె. నంబర్ మార్చలే నేను, గదే ఉన్నది,” అని లేచి, నన్ను తెల్ల కాగితం ఉందా అని అడిగింది.

షెడ్డు బయట అరుగు మీద కూర్చుని అర్జీ రాశాం. కలెక్టర్ గారికి అని మొదలుపెట్టి, ఏం రాయమంటావని అడిగాను. ఆమె చెప్పిన మొదటి వాక్యం, “నా భర్త తప్పిపోలేదు.” అర్జీ అంటే ఏదో ఒకటి కోరాలి కదక్కా, ఏం కావాలని రాయాలి అన్నాను.

“ఎతుకుడు బంద్ చెయ్యుమని రాయి. గంతే.”

కింద ఆమె విడివిడి అక్షరాలతో, మెల్లగా, జమున అని సంతకం పెట్టింది. అంజయ్య మమ్మల్ని బస్టాండ్‌లో దింపాడు. ఆమె వేములవాడ బస్సు ఎక్కింది. నేను ఆరున్నరకు సిద్దిపేట మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఎక్కాను, మూడున్నర గంటల ప్రయాణం.

తర్వాత జరిగింది ఆమె ఫోన్‌లో చెప్పింది. తర్వాతి సోమవారం జగిత్యాలలో ఆ అర్జీ ఇస్తే, మూసేసిన ఫైల్ మీద అర్జీ అవసరం లేదన్నారట. అయినా ఆమె రసీదు ముద్ర వేయించుకునే వచ్చింది. మౌనికకు అంతా చెప్పింది. నెలన్నర తర్వాత ఒక సాయంత్రం రమేశ్ ఫోన్ చేశాడు. “ఆయన మాట్లాడిండు, నేను విన్న. రమ్మనాల్నో వద్దనాల్నో ఇంక తెల్వది,” అంది. ఆ ఉత్తరం గురించి ఎంత ఆలోచించినా నాకు ఒక దారి దొరకదు. తన సంగతి చెప్పవద్దని కోరే హక్కు రమేశ్‌కు ఉంది. భర్త ఏమయ్యాడో తెలుసుకునే హక్కు జమునక్కకు ఉంది. ఆ నాలుగు వరుసలు రాసిన అధికారి ఇద్దరి హక్కునూ కాపాడాడు. అందరూ తమ పని సరిగ్గా చేసిన తర్వాత కూడా ఒకామె వరండాలో నేల మీద కూర్చుని, అర్థం కాని భాషలో రాసిన తన బతుకును ఇరవై మూడేళ్ల విద్యార్థి నోట వినాల్సి వచ్చింది. పై నుంచి కిందిదాకా ఇన్ని స్థాయిలున్న పాలనలో, ఆ కాగితాన్ని ఆమెకు చదివి చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. అది అనుకోకుండా నా మీద పడింది, నేను సగమే చేశాను. ఒక మనిషికి రెండు గంటల అబద్ధపు సంతోషం ఇచ్చాను. అది దయో ద్రోహమో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

మీరూ ఇలాంటి పని మీద ప్రజావాణికి పోతుంటే ఒక్క సలహా. పదిలోపే చేరండి, పన్నెండు దాటితే వరుస కదలదు. ఇంగ్లిష్‌లో జవాబు చేతికిస్తే, తెలుగులో చదివి చెప్పమని ఆ టేబుల్ దగ్గరే అడగండి. వాళ్లు చెప్పకపోతే, చదవాల్సింది మీరే అయితే, ముందు ఆ మనిషి కూర్చోవడానికి చోటు చూడండి. తర్వాత చివరి వాక్యం దాకా చదవండి.