ఒక క్రియ కోసం వదిలిన జాగా

మొన్న ఆదివారం మా అమ్మాయి నాకు లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొని తెచ్చింది. తెరవగానే నా వేళ్లు వాటంతటవే చివరి పుటల వైపు వెళ్లాయి. ‘వౌచ్‌సేఫ్’. దయతలచి ప్రసాదించు; వాడుక తప్పిన క్రియ. రెండే పంక్తులు. పుస్తకం మూసేసి కాసేపు ఉక్రోషంతో కూర్చున్నాను. ఏమైందమ్మా అని అది అడిగింది. అది నా కడుపులో ఉన్న నాటి సంగతి, ఎక్కడని మొదలుపెట్టను?

అరవై ఎనిమిది వేసవి. కోటబొమ్మాళిలో అత్తవారింట ఉన్నాను. పుట్టింట అమ్మ లేదు కనుక పురుడు కూడా అక్కడే పోయాలని నిశ్చయించారు. మావారు కొండ మీది బడిలో మాస్టరు. వానలు పట్టుకుంటే వాగులు పొంగి, ఆ ఊరికి దారి తెగిపోయేది. బదిలీ కోరేవారి అర్జీలు సోమవారం సాయంత్రంలోగా శ్రీకాకుళం ఆఫీసుకు చేరాలని కబురు వచ్చింది. మావారు అడుగున సంతకం చేసిన తెల్లకాగితం ఒకటి మనిషి చేత పంపి, పైనంతా వాళ్ల నాన్నగారే రాయాలన్నారు. ఆ రోజుల్లో మా వైపు అర్జీ అంటే అంతే. అవసరం ఒకరిది, ఇంగ్లీషు మరొకరిది.

మామగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కాగితాన్ని గుండ్రని అక్షరాలతో సంతకం దాకా నింపి, నడుమ ఒక్క మాటకు సరిపడా జాగా వదిలి కలం మూసేశారు. అక్కడ వౌచ్‌సేఫ్ వేయాలని ఆయన కోరిక. అయితే ఆ మాట దేవుణ్ణి వేడుకునేటప్పుడే వాడాలా, అధికారినీ అడగవచ్చా అన్నది ఆయన సందేహం. ఇంట్లో నిఘంటువు ఆఖరి పుటలను చెదలు తినేశాయి. విజయనగరంలో ఆయన స్నేహితుడి దగ్గర పెద్దది ఉంది.

“ఒక్క ముక్క కోసం ఇజీనారం ఎల్తారేటి? దయ సూపించండని రాసెత్తే ఆ బాబుకి తెలీదేటి?” అని అత్త కేకలేసింది. “కడుపుతో ఉన్న పిల్ల కళ్లెదర తిరుగుతన్నాది, మీకు ఆ ముక్కే అగుపిస్తన్నాదా!”

“అడిగేదేటో తెలీకుండా అడక్కూడదే,” అంటూ ఆయన ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని శనివారం రైలెక్కారు. తేదీల పట్టింపు నాకు అప్పటికే ఉంది. గోడ మీది క్యాలెండరులో సోమవారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఆయన పడకకుర్చీకి ఎదురుగా ముందే తగిలించాను.

మంగళవారం ఉదయం దిగారు. స్నేహితుడు పెళ్లికి వెళ్లి, సోమవారం మధ్యాహ్నం గాని రాలేదట. అర్థం చూడకుండా తిరిగి రావాలని ఆయనకు తోచనే లేదు. చెప్పులైనా విప్పకుండా నన్ను పిలిచారు. ముఖం వెలిగిపోతోంది.

“మొదట్లో అవి రెండు మాటలమ్మా. వౌచ్ అంటే సాక్ష్యానికి పిలవడం, పూచీ పడడం. లాటిన్లో ‘పిలుచు’ అన్న ధాతువు నుంచి వచ్చింది. సేఫ్ అంటే క్షేమం. నీ క్షేమానికి నాది పూచీ అని పెద్దవాడు ఇచ్చే మాటన్నమాట. పోనుపోను పూచీ పోయి, దయ మిగిలింది. అధికారిని నిక్షేపంలా అడగవచ్చు.”

“నిన్ననే ఆఖరు రోజు, మావయ్యా,” అన్నాను.

ఆయన క్యాలెండరు వైపు చూశారు. కుర్చీలో కూర్చుని, కలం తెరిచి, ఆ జాగాలో ఆ మాట నింపారు. అంత అందమైన దస్తూరీ నేను మళ్లీ చూడలేదు.

గడువు దాటిందని ఆఫీసువారు అర్జీ తీసుకోలేదు; బదిలీ కావాలంటే వచ్చే ఏడు వేసవి దాకా ఆగమన్నారు. పాప పుట్టిన కబురు అంది, వాగు తగ్గి మావారు దిగివచ్చేసరికి బాలసారె కూడా అయిపోయింది. పిల్లను ఆయన చేతుల్లో పెడితే, కొత్త చేతులు తగిలి గుక్కపట్టింది. మామగారు వీధి అరుగు మీదకు వెళ్లిపోయారు. ఆయన్ని ఒక్క మాట అనలేకపోయాను. ఆ అనని మాట నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది.

ఆ రెండు పంక్తులు చదవడానికి మొన్న నాకు క్షణం పట్టలేదు. వాటి కోసం మేము ముగ్గురం ఎడబాసి ఉన్న ఏడాది మాత్రం, ఇన్నేళ్లయినా, నాకు గడిచినట్టు లేదు.