తాత తాళం, బాపమ్మ వరండా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాలాన్ని కోర్టు వాయిదాలతో కొలిచేవాళ్లు. పక్క పోర్షన్‌లో కిరాయికి ఉన్న మామను ఖాళీ చేయించమని మా తాత కేసు వేసినప్పుడు నేను మూడో తరగతి. ఆరో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకునేటప్పుడు కూడా ఆ మామ అదే వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. ఈలోపు నా పాలపళ్లన్నీ ఊడి కొత్తవి వచ్చాయి. తీర్పే రాలేదు.

హన్మకొండలో మా ఇల్లు రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో ఆ మామ, అత్తమ్మ, మామ తల్లి. ఆ ముసలామెను గల్లీ అంతా అవ్వ అనేది. బట్టల దుకాణం మూతపడ్డ నెల నుంచి మామ కిరాయి ఆపేశాడు. తాతకు పింఛను లేదు, ఆ కిరాయితోనే ఆయన బీపీ గోలీలు వచ్చేవి. కొన్నాళ్లు అడిగాడు, కొన్నాళ్లు అరిచాడు, ఆఖరికి వకీలు దగ్గరికి పోయాడు. ఒక వాయిదాకు వాళ్ల వకీలు వచ్చేవాడు కాదు, ఇంకో వాయిదాకు మా వకీలే వచ్చేవాడు కాదు.

వచ్చినప్పుడు మాత్రం మా వకీలు ఒక మాట గట్టిగా చెప్పాడు. తీర్పు వచ్చేదాకా ఆ ఇంటి నుంచి ఏదీ పుచ్చుకోవద్దని, రాజీ పడ్డట్టు కనబడుతుందని. తాత దాన్ని వేదంలా పాటించాడు. మా బాపమ్మ, అంటే నానమ్మ, మాత్రం పెరటి గోడ మీదుగా అవ్వ చేసిన సర్వపిండి పుచ్చుకునేది. గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి అందులో పచ్చడి వేసి పంపేది. సాక్ష్యం మిగలకుండా తినేసే బాధ్యత నాది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అవ్వకు ఆయాసం ఎక్కువైంది. మామ, అత్తమ్మ ఆమెను ఆటోలో వేసుకుని దవాఖానకు పోయారు. ఆ కంగారులో తలుపు దగ్గరగా వేశారు గానీ తాళం వెయ్యలేదు. ఎదురింటి కిరాణా కొట్టాయన రోడ్డు దాటి వచ్చాడు.

“జర సోంచాయించు కాకా. ఇయ్యాల నీ తాళం ఏస్తే రేపటిసంది ఇల్లు నీదే. ఇగ కోర్టు సుట్టూ వాడు తిరుగుతడు.”

తాత చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి బీరువా వెనక నుంచి పెద్ద తాళం తెచ్చి వేశాడు. బాపమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే మా ఇంట్లో అందరికీ అన్నం సహించేది కాదు.

సాయంత్రం కబురు వచ్చింది. అవ్వ పోయింది. తీసుకొస్తున్నారు.

మా దగ్గర ఒక రివాజు ఉంది. అరిష్టమని, కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. నెలనెలా కిరాయి కట్టినవాళ్లకే గేటు తియ్యరు, ఇక బాకీ ఉన్నవాళ్ల సంగతి చెప్పేదేముంది. రోడ్డు పక్కన టెంటు వేసుకోవాలి, లేకపోతే దవాఖాన నుంచి అటే స్మశానానికి పోవాలి.

అంబులెన్స్ మా గేటు ముందు ఆగింది. మామ దిగి తలుపుకున్న తాళాన్ని చూశాడు. కొట్లాట అవుతుందని గల్లీ మొత్తం బయటికి వచ్చి నిలబడింది. ఆయన గేటు అవతలే ఆగిపోయి, “ఒక్క రాత్రి, బాపూ” అన్నాడు.

తాత మొలలోని తాళంచెవి మీద చెయ్యి వేసుకున్నాడు. పైకి అరిష్టమని గొణిగాడు గానీ ఆయన భయం వేరు. ఈ తలుపు ఒకసారి తీస్తే మళ్లీ తన తాళం వెయ్యడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. డ్రైవరు ఇంజన్ ఆపలేదు. ఎక్కడ దించాలో తొందరగా చెప్పమంటున్నాడు.

అప్పుడు బాపమ్మ వరండాలోకి వచ్చింది. చెప్పులు, నా సైకిలు పక్కకు నెట్టి, మా చాప తెచ్చి పరిచింది. తర్వాత తాతతో ఎంతో వినయంగా చెప్పింది.

“మీరు తాళం తియ్యకుండ్రి, కేసు ఖరాబైతది. అవ్వ మన వరండల పంటది. దీని మీద ఏ కేసూ లేదు గదా.”

కిరాణా ఆయన కొట్లో గిరాకీ ఉన్నట్టు వెళ్లిపోయాడు. కొట్లో ఒక్కరు కూడా లేరు.

తాత చాప వైపు చూశాడు, తాళం వైపు చూశాడు. పక్క వాటాకు వద్దన్న అరిష్టం నేరుగా ఆయన మంచం పక్కకే రాబోతోంది. ఆయన నడిచి వెళ్లి తాళం తీశాడు. “ఆమె అర్రల ఆమెను పండవెట్టుండ్రి” అన్నాడు. బాపమ్మ వాదనకు లొంగాడని చాలా ఏళ్లు నవ్వుకున్నాను. కానీ అవ్వను లోపలికి మోసేటప్పుడు కాళ్ల వైపు పట్టింది తాతే. వాదనలో ఓడినవాళ్లు అంతదూరం రారు.

దినాలు కాగానే మామ పోర్షన్ కడిగి, తాళంచెవి తాత చేతిలో పెట్టి, ఇల్లు చూసుకుని మడికొండ వెళ్లిపోయాడు. పాత కిరాయి కొంత ఇచ్చాడు, కొంత ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాడు. తర్వాతి వాయిదాకు తాత వెళ్లి ఇల్లు ఖాళీ అయిందని చెబితే, మా వకీలు అలవాటు కొద్దీ ఇంకో తేదీ అడిగాడట.

ఇప్పుడు నేనే కిరాయిదారుణ్ని. ఇల్లు చూడటానికి పోయిన ప్రతిచోటా నీళ్లు, పార్కింగు అయ్యాక ఇంకొకటి అడుగుతాను, మా ఇంట్లో ఎవరైనా పోతే గేటు తీస్తారా అని. ఆ ఒక్క ప్రశ్నతో చాలా మంచి ఇళ్లు పోగొట్టుకున్నాను. మొన్న హసన్‌పర్తిలో ఒక ముసలామె మాత్రం నన్ను ఎగాదిగా చూసి, “బతికున్నన్ని రోజులు కిరాయి టైముకు కట్టు బిడ్డా, సచ్చినంక గేటు నేనే తీస్త” అంది.

అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేశాను.