మామ కాలికి వేడి కట్టినోళ్లు

మా మామ పోయిండు. సోమవారం పొద్దుగాల పక్కింటి ల్యాండ్‌లైన్‌కు నిజామాబాద్ దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఆర్మూర్ల అందరు "మస్తు ఆటగాడు, పాపం, నొసట గట్ల రాసున్నది" అంటుండ్రు. నొసట ఏం రాసిలేదు. చేతులార చేసుకున్నం. గదే మీకు చెప్దామని కూసున్న.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పగలు పసుపు యార్డుల బస్తాలు మోసేటోడు, పొద్దుగూకితే కబడ్డీ. ఆడపిల్లకు కబడ్డీ ఏందని అందరు నవ్వుతుంటే నాకు కూత నేర్పింది ఆయనే. "దమ్ము పట్టు పిల్లా, భయం దానంతటదే పోతది" అనేటోడు.

మాక్లూర్ల ఆడుతుంటే ముగ్గురు మీద పడ్డరు. మోకాలి కీలు తప్పి లోపల రక్తనాళం తెగింది. హైదరాబాద్‌ల రెండో కాలి నుంచి నరం తీసి అతికిండ్రు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా ముంగటనే చెప్పింది: "పాదం చల్లబడ్డా, నడుస్తుంటే పిక్క పట్టేసినా వెంటనే తీసుకురండి. వేడి కాపడం మాత్రం పెట్టొద్దు."

కొన్నాళ్లు మంచిగనే ఉన్నడు. మళ్ల గ్రౌండుకు పోయిండు, చెప్తే ఇంటడా! తర్వాత యార్డు నుంచి బస్టాండు దాక కూడ ఆగకుండ నడవలేకపోయిండు. పాన్ తిననోడు పాన్‌డబ్బా కాడ నిలవడి, పిక్క గుంజుడు తగ్గేదాక ఎదురుపడ్డోళ్లతోని ఊకె ముచ్చట పెట్టేటోడు. దవాఖానకు పోదాం మామా అంటే, "కండ పట్టింది, గంతే. ఒర్రకు" అన్నడు.

గప్పుడు పసుపు ఉడకబెట్టే రోజులు. టీం కెప్టెను ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకొని ఇంటికొచ్చిండు. "ఆర్మూర్ల పుట్టి పసుపును నమ్మవా? టోర్నమెంటుకు నిన్ను లేపి నిలవెడతం" అని ఉడుకుడుకు పసుపు ముద్ద పిక్క నుంచి వేళ్ల దాక కట్టిండ్రు. డాక్టరమ్మ వద్దన్నదని నేను లొల్లి పెడితే, "ఆడపిల్లవు, నీకేం ఎరుక" అన్నరు. కాలుతున్నది కూడ మామకు తెల్వలే. తెల్లారి అమ్మమ్మ కట్టు విప్పితే దాంతోనే తోలొచ్చింది.

బెణికిన కాలికి పసుపు కడితే నేనెందుకు వద్దంట? అతికిన నరం మూసుకపోయి రక్తం అందని కాలికి వేడి పెడతరా? పాదం సల్లగున్నదని కట్టిండ్రు గాని, ఎందుకు సల్లగున్నదో ఒక్కడన్న అడిగిండా? ఆయన పానం కన్న వీళ్లకు టోర్నమెంటు ఎక్కువైంది. థూ!

నిజామాబాద్ దవాఖానల కాలు తీస్తమని డాక్టర్లు చెప్పేసరికే పుండు కుళ్లి విషం ఒళ్లంత ఎక్కింది. కెప్టెను వచ్చి తల వంచుకొని నిలవడితే, మామ "నీ తప్పేం లేదురా" అన్నడు. గది ఆయన మంచితనం. నాకు గంత మంచితనం లేదు. తప్పున్నది.

ఆపరేషన్‌కు తీస్కపోయే ముంగట మామ నన్ను పిలిచి, "జర పాదం పట్టుకో పిల్లా" అన్నడు.

నేను రెండు చేతులతోని పట్టుకునే ఉన్న.

"పట్టుకున్న మామా."

"పట్టుకోవే" అని మళ్ల అడిగిండు.